చెప్పుల దగ్గర నేనుంటాను

అనసూయ గారూ,

ఎలా ఉన్నారని అడగడం అలవాటైపోయింది, అందుకే అడుగుతున్నాను... ఎలా ఉన్నారు? మీరు వెళ్ళి ఎనిమిది నెలలవుతోంది. ఇక్కడ నేను ఉన్నాను. అంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు.

మీరు లేకపోతే ఈ రాజమండ్రిలో పండగలు ఆగిపోతాయేమో అనుకున్నాను. ఒక్కటీ ఆగలేదు. వినాయక చవితికి మన సందు చివర పందిరి ఎప్పటికంటే పెద్దదే వేశారు. దసరాకి దేవీచౌక్ అంతా లైట్లు. ఎగ్జిబిషన్ కూడా వచ్చింది. జెయింట్ వీల్, ఢిల్లీ అప్పడాలు, గాజుల కొట్లు... అన్నీ ఆటోలోంచే చూశాను. దిగాలనిపించలేదు. మోకాళ్ళ నెప్పి అని అందరికీ చెప్పాను. సంగతి మోకాళ్ళది కాదని మీకు వేరే చెప్పాలా?

గుర్తుందా... జంగారెడ్డిగూడెం నుంచి మీరు, మొగల్తూరు నుంచి నేను, ఒకే బడికి టీచర్లుగా బదిలీ అయి వచ్చాం. ఒకే మేడలో పై వాటా మీది, కింది వాటా నాది. ఇంత పెద్ద ఊళ్ళో ఎలా బతకాలా అని నేను బెంగపడుతుంటే, మీరు సెలవు రోజు తెల్లారేసరికి ముస్తాబై మా గుమ్మంలో నిలబడేవారు. "ఊళ్ళో ఇన్ని జరుగుతుంటే ఇంట్లో కూర్చుని పప్పు కడుక్కోడానికాండీ మనం ఇంత దూరం వచ్చింది?" మ్యూజియం, పుస్తకాల ఎగ్జిబిషన్, కడియం పూల తోటలు, గోదావరి హారతి... దేన్నీ వదల్లేదు మీరు. వెనకాల చేతిసంచీ మోసుకుంటూ నేను.

ఘాట్ దగ్గర మాత్రం నా ఉద్యోగం వేరు. కార్తీక పౌర్ణమికి దీపం వదలడానికి మీరు మెట్లు దిగేవారు. నేను చర్చి మనిషిని కదా, పై మెట్టు మీదే ఉండిపోయేదాన్ని. "చెప్పులు చూస్తూ ఉండండి కరుణ గారూ, ఇప్పుడే వచ్చేస్తాను." మీ 'ఇప్పుడే' అంటే గంట! ఒక ఏడు మీ చెప్పుల మీదే చూపు పెట్టి నావి పోగొట్టుకున్నాను. "దొంగతనం చెయ్యకూడదని మీ చర్చిలో చెప్తారు గానీ, కాపలా కాయడం నేర్పరాండీ?" అని మీరు ఒకటే నవ్వు. మీ జతలో ఒకటి మీరు, ఒకటి నేను వేసుకుని రిక్షా దాకా కుంటుకుంటూ వచ్చాం. జనం చూస్తున్నారని నాకు సిగ్గు, మీకేమో సరదా.

డిసెంబరు వస్తే పని తిరగబడేది. మా వరండాకి స్టార్ కట్టడానికి నేను స్టూలెక్కితే, కింద పట్టుకునేది మీరు. "వంకరగా ఉందండీ బాబూ... ఎడం పక్కకి... ఇంకాస్త..." అని నా నడుం పడిపోయేదాకా వదిలేవారు కాదు. క్రిస్మస్ ఆరాధనకి మీ పట్టుచీర నేను, నా పట్టుచీర మీరు కట్టుకుని వెనక బల్ల మీద కూర్చునేవాళ్ళం. ఒంటికాయ శొంఠికొమ్ముని నేను, అయినా పండగనాడు ఎప్పుడూ ఒంటరిగా లేను.

పోయిన వారం కార్తీక పౌర్ణమి. సాయంత్రం మీ కోడలు ఉష కిందకి దిగి వచ్చింది. చేతిలో అరటి దొప్ప, అందులో నేతిలో తడిపిన వత్తి. మీరు పోయారు కాబట్టి వాళ్ళకి ఏడాదంతా సూతకం, పండగలు చేసుకోకూడదు, దీపం వదలకూడదు. మీ దీపం ఏ ఏడూ ఆగలేదు కదా, ఈసారికి నన్ను వదలమంది. నాకు సూతకం లేదు కదా అంది.

పాపం, తప్పుగా ఏమీ అనలేదు. నిజమే. మీ అబ్బాయికి ఉంది, కోడలికి ఉంది. వాళ్ళు పండగ మానేస్తే ఎందుకని ఎవరూ అడగరు. నాకేముంది? నన్ను పలకరించడానికి వచ్చినవాళ్ళు కూడా లేరు. మా చర్చి ఆడవాళ్ళు అప్పుడే క్యారల్స్‌కి రమ్మని ఫోన్లు చేస్తున్నారు. పై వాటా ఆవిడ పోతే కింది వాటా ఆవిడ ఎన్నాళ్ళు బాధపడచ్చో ఎవరైనా చెప్పారా అనసూయ గారూ?

కాదనలేక వెళ్ళాను. పై మెట్టు మీద చెప్పులు విడిచి, ఇన్నేళ్ళలో మొదటిసారి నీళ్ళ దాకా దిగాను. చుట్టూ ఎన్ని దీపాలో... పక్కనున్నావిడ అగ్గిపెట్టె ఇచ్చింది. పుల్ల గీసి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. పైన నా చెప్పులు ఉన్నాయి. వాటి పక్కన ఎవరూ లేరు.

పుల్ల దానంతటదే ఆరిపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. మీరు పోయిన రోజు కూడా రాలేదు. మీ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని, వచ్చినవాళ్ళందరికీ మా వంటింట్లోంచి కాఫీలు మోస్తూ ఉన్నాను ఆ రోజు. ఏడవడానికి తీరిక ఎక్కడిది?

దీపం వదల్లేదండీ. చర్చికి భయపడి కాదు. నాకు చేతకాలేదు, అంతే. ఇంటికొచ్చి దొప్ప ఉష చేతిలో పెట్టి, నాకూ ఉందమ్మా సూతకం, నన్నూ మీతో కలుపుకోండి అని చెప్పాను. ఆ పిల్ల మా వరండాలో నా పక్కనే చతికిలబడి, నా భుజం మీద తల పెట్టింది. లైటు వెయ్యడానికి ఇద్దరికీ ఓపిక లేదు.

కాబట్టి ఈ డిసెంబరుకి మా వరండాకి స్టార్ లేదు. క్యారల్స్ వాళ్ళు వచ్చి అడిగితే, మా ఇంట్లో ఏడాది సూతకం ఉందని చెప్తాను. వాళ్ళకి అర్థమవుతుందా... కాకపోతే పోనీండి. అలిసిపోయాను, విడమరిచి చెప్పలేను.

వచ్చే కార్తీకానికి ఏడాది తీరిపోతుంది. మీ దీపం పట్టుకుని ఉష మెట్లు దిగుతుంది. తీసుకెళ్ళే పూచీ నాది. మోకాళ్ళు ఎలా ఉన్నా సరే, పై మెట్టు మీద కూర్చుని చెప్పులు చూస్తూ ఉంటాను. మీరు 'ఇప్పుడే' అనే కదా వెళ్ళారు...

మీ
కరుణ