ఎనిమిదిన్నరకు వాన లెక్క

ఆత్మకూరు,
జూన్ 3

హన్నమ్మ టీచర్ గారికి సుజన వందనాలు.

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు మీ మిద్దె మీది డబ్బాలో మీరు కొలిచి రాసిన వాన లెక్కలతోనే నా పరిశోధన నిలబడింది. మబ్బు పట్టినా మన మెట్టలో వాన ఎందుకు కురవదో తేల్చానట. పరిశోధనలోకి కొత్తగా వచ్చిన చిన్నవాళ్లకిచ్చే వాతావరణ శాస్త్ర అవార్డు నాకిస్తున్నారు. ఇరవయ్యారున, నెల్లూరులో. వెంట ఒకరిని తెచ్చుకోవచ్చట. అమ్మా నాయనా లేరని మీకు తెలుసు. మీరొస్తారా?

ఇట్లు,
సుజన

తా.క.: పాలాయనకు ముందే చెప్పాను. "అట్టయితే రేపు వానొస్తాదా పాపా?" అన్నాడు.

* * *

ఉదయగిరి,
జూన్ 7

ప్రభువునందు ప్రియమైన సుజనకు,

ఈ వారం లెక్క: ఏడు సున్నలు.

వాన పడనందుకు అవార్డా! ఆ సంగతి మస్తానయ్య మా వీధి అరుగు మీద కూర్చుని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. ఆయనకెవరూ శాలువా కప్పలేదు. చిన్నవాళ్లకంటున్నావు కాబట్టి, మా సండే స్కూలు బహుమతి లాంటిదే అయ్యుంటుంది. మానకుండా వచ్చిన ప్రతి పిల్లకూ సబ్బుపెట్టె ఇస్తాం. వాక్యం అప్పజెప్పమంటారేమో, ఒకటి కంఠస్థం చేసుకో.

నేను రాలేనమ్మా. ఎనిమిదిన్నరకు వాన ఎవరు చూస్తారు? పక్కింటి రహీమాబీకి అప్పగిద్దామంటే ఆమె చెయ్యి పెద్దది. కూరైనా వానైనా ఒక గరిటె ఎక్కువే వేస్తుంది.

దీవెనలతో,
హన్నమ్మ

తా.క.: సబ్బుపెట్టె ఇస్తే మూత పడుతుందో లేదో అక్కడే చూసుకో.

* * *

ఆత్మకూరు,
జూన్ 12

టీచర్ గారికి వందనాలు.

వాక్యం అడగరు. పేరు పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీస్తారు. ఆ చప్పట్లలో నాకు తెలిసిన చేతులు రెండైనా ఉండాలని నా ఆశ.

ఒక నిజం చెప్పాలి. వాన లెక్కల పని డిసెంబరుకే అయిపోయింది. ఆర్నెల్లుగా మీ సున్నలు ఎవరికీ అక్కర్లేదు. చెబితే ఉత్తరాలు మానేస్తారని భయపడి, మిమ్మల్ని ఊరికే మిద్దె ఎక్కించాను. క్షమించండి. ఇక కొలవకండి.

సుజన

తా.క.: నాకు వేరే ఉత్తరాలు రావు. పోస్టుమాను మిమ్మల్ని మా అమ్మ అనుకుంటున్నాడు. నేనూ కాదనలేదు.

* * *

ఉదయగిరి,
జూన్ 17

సుజనా,

నీ ఉత్తరం చదివితే కోపమొచ్చింది. డెబ్బై ఏళ్ల మోకాళ్లమ్మా నావి! రెండు పూటలు నీతో మనసులోనే పోట్లాడాను.

ఇప్పుడు నా సంగతి విను. జనవరిలో కొండమీది కోతి వచ్చి డబ్బా గరాటు ఎత్తుకుపోయింది. డబ్బా కిందపడి సొట్టపోయింది. అప్పటినుంచీ హార్లిక్స్ సీసా పెట్టి బడి స్కేలుతో కొలుస్తున్నాను. డబ్బా లేదని రాస్తే, "ఇక చాలు టీచర్" అంటావని దాచాను. వారానికొక ఉత్తరం నాకూ కావాలి గదా. ఈ ఇంట్లో నా మాట వినేది నేనొక్కదాన్నే.

నీ పని డిసెంబరుకే అయింది, కోతి జనవరిలో వచ్చింది. కాబట్టి అవార్డుకు ఢోకా లేదు.

ఇరవయ్యారున మొదటి నెల్లూరు బస్సెక్కుతాను. ఆత్మకూరు బస్టాండులో కిటికీల వైపు చూడు. నా పక్క సీట్లో చేతిసంచి వేసి ఉంచుతాను. ఎవరన్నా కూర్చోబోతే, "మా పాప ఎక్కతాదయ్యా, లెయ్" అంటాను.

నీ
హన్నమ్మ

తా.క.: సీసా రహీమాబీకి అప్పగించాను. ఇరవయ్యారున ఉదయగిరిలో భారీ వర్షం. రాసుకో.