ఓబులేసు ఇప్పించిన టీ

శుక్రవారం, రాత్రి

రిటైరయ్యాక మొదటిసారి బస్టాండు వైపు నడిచాను. టీ అంగడి దగ్గర శింగనమల ఓబులేసు కనిపించాడు. ఆయన పొలం గట్టు కేసులో వాదనలన్నీ విన్నది నేనే. తీర్పు చెప్పేలోపే నాకు రిటైరయ్యే వయసు నిండింది. కొత్త జడ్జిగారు వాదనలు మళ్లీ మొదటి నుంచీ వినాలన్నారట.

టీ ఇప్పించబోతే అలవాటుగా వద్దన్నాను.

"ఇప్పుడు మీరు జడ్జి కాదు కదా సార్, తాగండి," అంటూ గ్లాసు చేతిలో పెట్టి పక్కనే కూర్చున్నాడు. "నాకు డెబ్బై దాటినాయి. మీకు చెప్పినట్ల ఇంగ చాలు, ఇంట్లో కూర్చో అని నాకెవురూ చెప్పలేదు. మళ్లా కోర్టు చుట్టూ తిరిగే ఓపిక యాడుండాది? మీ మనసులో ఏముండాదో అదొక్కటీ చెప్పండి. ఎవురికీ చెప్పను."

నోటిదాకా వచ్చింది. కానీ కేసు ఇప్పుడు ఇంకొకరి ముందుంది. తల వంచుకుని టీ తాగాను.

"పోనీలే సార్," అని బస్సెక్కాడు.

ఎవరేమంటారోనని సర్వీసంతా ఒక్కరి చేతి టీ కూడా ముట్టలేదు. ఇప్పుడు ఫోను కూడా మోగదు. ఈ ఊళ్లో ఒకరి పక్కన కూర్చుని టీ తాగడం ఇదే మొదలు.

తీర్పు నేను రాసి ఉంటే ఆ గట్టు ఓబులేసుదే.