ఆ తండ్రి అడగని మాట

ఖఫ్జీ, సౌదీ అరేబియా, శుక్రవారం, 2006

సెలవు కదా అని, మాతో పనిచేసే డ్రైవర్ అబెబె ఎప్పుడో ఇచ్చిన, ఇంగ్లీషులోకి వచ్చిన వాళ్ల ఇథియోపియా నవల మళ్లీ తీశాను. (కాఫీలో ఉప్పేసుకుని తాగే మహానుభావుడు. ఆ కథ వేరే.) మొదటిసారి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివినప్పుడు, కూతురి పెళ్లికి అడ్డుపడ్డ ఆ తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇవాళ చూస్తే ఆయన దుర్మార్గుడేం కాదు, నలుగురూ నవ్వుతారని హడలిపోతున్న మనిషి. అచ్చం నాలాగే. పుస్తకం మొత్తంలో కూతుర్ని కూర్చోబెట్టి ఒక్క మాట అడగడు.

దమ్మామ్‌లో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి గ్రేస్, తనతో పాటే నర్సుగా చేసే మలయాళీ కుర్రాణ్ణి చేసుకుంటానంటోంది. నేనేమో "చూద్దాంలే" అని ఫోన్ పెట్టేస్తూ వచ్చాను. ఈ సాయంత్రం నేనే చేశాను.

"అమ్మలూ, ఆ అబ్బాయి ఎలాంటివాడే?"

అటునుంచి ముక్కు ఎగబీల్చింది.

"ఇన్నాళ్లకి అడిగావా నాన్నా! నీకంటే ఎక్కువ మాట్లాడతాడు. నువ్వు తట్టుకోలేవు."

"అయితే వచ్చే శుక్రవారం పంపు. ఎవరు ముందు అలిసిపోతారో తేల్చుకుంటాం."

పకపకా నవ్వింది.

ఊళ్లో అన్నయ్యకి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు... అయినా దేవుడికి స్తోత్రం. కూతురి నవ్వు విన్నాను. పాపం, నవల్లో ఆయనకి ఆ భాగ్యం దక్కలేదు.