ఏ మందు

నవంబర్ 9, శనివారం

కెరెన్‌కి బాల్కనీలో ఒక మూల ఇచ్చేశాను. పాత స్టూలు, నాలుగు జామ్ సీసాలు, ఒక టార్చి. తొమ్మిదేళ్ల పిల్లకి ల్యాబ్ ఏంటని మా ఆయన పౌలురాజు విసుక్కున్నాడు. ఆయన ఎక్స్‌రే టెక్నీషియన్. తినేది సైన్సు పెట్టిన కూడే, అయినా అదే మాట. నా చిన్నప్పుడు తెనాలిలో ఏదైనా అడిగితే నోర్మూసుకోమనేవాళ్లు. నా కూతుర్ని అలా పెంచను.

నవంబర్ 12

తెల్ల కార్డుకి వ్యాసలీన్ రాసి బయట పెట్టింది. సాయంత్రానికి దుమ్మంటుకుని బూడిద రంగు. ఇదంతా డాడీ ఛాతీలోకి వెళ్తుందా అని హిందీలో అడిగింది. తెలుగులో అడిగితేనే చెప్తానన్నాను. తంటాలు పడి అడిగింది. వెళ్తుందనే చెప్పాను. ఘాజియాబాద్‌లో ఈ ఢిల్లీ పొగ మధ్య ఉంటూ పిల్లకి అబద్ధం ఎలా చెప్పను?

నవంబర్ 14

దాని తెలుగు చూస్తే నవ్వొస్తుంది. దగ్గు సిరప్ మందు. ఫినాయిల్ నేల మందు. బొద్దింకలకి కొట్టేదీ మందే, పై ఫ్లాట్ అంకుల్ తాగేదీ మందే. నేర్పింది నేనే మరి.

నవంబర్ 19

పొగకి స్కూళ్లు మూసేశారు. పౌలురాజుకి దగ్గు తగ్గలేదు. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటున్నాడు. హాస్పిటల్లో నాకు లీవ్ దొరకలేదు.

నవంబర్ 21, మధ్యాహ్నం 3, ఐసీయూ బయట

బయట కూర్చోమన్నారు. రాస్తున్నాను.

పదకొండున్నరకి కెరెన్ వార్డుకి ఫోన్ చేసింది. డాడీ దగ్గుకి మందు కలిపానంది. నేనో పేషెంట్‌కి ఐవీ పెడుతున్నాను. సిరప్‌లో ఏదో కలిపిందనుకున్నాను. తాగావా అని అడిగితే లేదంది. డాడీకిచ్చావా అంటే లేదంది. వెంటనే పారబొయ్యమని కసిరి ఫోన్ పెట్టేశాను.

కలిపింది బాత్‌రూంలో. బ్లీచింగూ, టాయిలెట్ కడిగే యాసిడూ. రెండూ దానికి మందులే. వాటితో క్రిములు చస్తాయని చెప్పింది నేనే. డాడీ ఛాతీలోవి కూడా చస్తాయనుకుంది. రెండూ కలిస్తే లేచే విషవాయువు ఘాటుకి తట్టుకోలేక బయటికొచ్చి, భయపడి నాకు ఫోన్ చేసింది. బయటపడ్డ పిల్లని నేనే మళ్లీ లోపలికి పంపాను. బుద్ధిగా వెళ్లింది. మగ్గు పట్టుకుని, కింద చిందకుండా మెల్లగా ఒంపిందట. దాని దగ్గు విని పౌలురాజు లేచి బయటికి ఎత్తుకొచ్చాడు.

పదిహేనేళ్లుగా నర్సుని. పేషెంట్ మందు అంటే ఏ మందు అని అడగడం మా మొదటి పాఠం. కూతుర్ని ఆ ఒక్క మాట అడగలేదు.

నవంబర్ 22

ఇంకా ఆక్సిజన్ మీదే.

చర్చి నుంచి ఆంటీలు వచ్చారు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఒకావిడ సామెత చెప్పింది. నా పిల్ల చెప్పినమాట విన్నందుకే ఇక్కడ పడుకుందని అరవాలనిపించింది. టీ తాగి వెళ్లమన్నాను.

పౌలురాజు నాకు టిఫిన్ తెచ్చిపెట్టాడు. తిట్టినా బాగుండేది.

నవంబర్ 27

ఇంటికి తెచ్చాం. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఊపిరితిత్తులు ఎంతవరకు కోలుకుంటాయో మూణ్నెల్లు పోతేగాని చెప్పలేరట. స్టూలూ సీసాలూ పౌలురాజు పారేశాడు. నేను అడ్డుపడలేదు.

డిసెంబర్ 3

భూతద్దం కొనిచ్చాను. డబ్బా కూడా విప్పలేదు. ఇదేంటో అడగవా అన్నాను. నువ్వు చెప్పినట్టే పారబోశాను కదా మమ్మీ అంది. తప్పు లేకుండా, తెలుగులో.

డిసెంబర్ 8, ఆదివారం

దాహమంటే నీళ్లిచ్చాను. ముందు నన్ను తాగమంది. తాగాను. తను తాగకుండా గ్లాసు పట్టుకుని చాలాసేపు నా మొహం చూస్తూ కూర్చుంది.