గీత జడలు కట్టిన వేసవి

పెబ్బేరు,
5 మే 2006.

పూజ్యురాలైన బాలనాగమ్మ అక్కకు, తమ్ముడు నర్సింహులు నమస్కరించి వ్రాస్తున్నది.

ముందుగా నా తెలుగు పేలవంగా ఉన్నందుకు క్షమించాలి. పగలంతా పశువుల సంతలో రశీదులు వ్రాసి, రాత్రిబడిలో చదివి పట్టా పొందినవాడిని. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే నిషాత్ టీచరమ్మ తప్పులుంటే దిద్దుకొని చదవగలరు. నవ్వవలసిన అవసరం లేదు.

నా కూతురు గీత వనపర్తి హాస్టల్ నుండి సెలవులకు వచ్చింది. నీ తలపై ఉన్నట్లే దాని తల నిండా తాళ్ళ వంటి జడలు. లారీ నడిపే మా పక్కింటి ఖాజా మియా హంపిలో విదేశీయులు వదిలివెళ్ళిన ఒక క్యాసెట్ తెచ్చి దీనికిచ్చాడు. ఆ సంగీతాన్ని రెగ్గే అంటారట. సముద్రం మధ్య దీవికి బానిసలుగా తరలించబడిన నల్లవారి సంతతి పాడుకునే పాటలు. దువ్వుకొని మర్యాదగా కనబడమని దొరలు చెబితే, మా తల మాది అని వారిలో కొందరు జడలు పెంచుకున్నారని గీత వివరించింది. నేనూ విన్నాను. మన డప్పు దెబ్బ మనిషిని ముందుకు తోస్తుంది. ఈ దెబ్బ కొంచెం ఆగి, తరువాత పడుతుంది. ఎవరు పిలిచినా తొందరపడని మనిషి నడక వలె ఉంది. అంతకు మించి నాకు అర్థం కాలేదు.

వాడలో మాత్రం అందరికీ అర్థమైపోయింది. గీత మీదికి ఎల్లమ్మ వచ్చిందన్నారు. నిన్న మీ ఊరి కులపెద్ద చిన్నయ్య పసుపు కుంకుమలతో వచ్చాడు. తొమ్మిదేళ్ళ వయసులో, తల జడలు కట్టిందని, నిన్ను ఎల్లమ్మ పేర జోగినిని చేయించినది ఆయన తండ్రే. ఆయన గీత కాళ్ళకు మొక్కాడు.

"నర్సింహులూ, మీ ఇంటికి తల్లి మల్ల వొచ్చింది. వచ్చే శనివారం పున్నమి. ముగ్గుల పట్నమేసి పిల్ల మెడల దండ ఏద్దం."

జోగినిని చేయడాన్ని చట్టం నిషేధించిందని చెప్పాను.

"చట్టం హైదరాబాద్ల ఉంటది. తల్లి ఈడ్నే ఉంటది గద."

"తల్లి రాలే పెద్దయ్యా," అంది గీత. "నిమ్మకాయ రసం పెట్టి నేనే మెలిపెట్టుకున్న."

"సూసినవా? తల్లే గట్ల పలికిస్తుంది," అన్నాడు.

ఆయన వెళ్ళాక, మంగలిని పిలిపిస్తానన్నాను. గీత నన్ను చూసింది. "నాయినా, ఆయన మొక్కుతనంటడు, నువ్వు కోయిస్తనంటవ్. నెత్తి నాది. నన్నెవ్వరు అడుగుతలేరు." కాసేపటికి, "అత్త కొయ్యమంటే కోయించుకుంట," అంది.

నాకు కోపం రాలేదు. భయం కూడా రాలేదు. గోడకు ఆనుకొని, ఎవరి ఇంట్లోనో ఉన్నట్లు నిలబడి ఉన్నాను. అక్కా, పున్నమి లోపల వచ్చి దానికి కొయ్యమని చెప్పు. ఆ జడల బరువు నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

నీ తమ్ముడు,
నర్సింహులు, బి.ఏ.


పెబ్బేరు,
16 మే 2006.

నా అక్క బాలనాగమ్మకు,

నేను నీ జడలు బలవంతంగా కోశానని చిన్నయ్య వీపనగండ్ల దాకా చెబుతున్నాడని తెలిసింది. కనుక నీకు తెలిసినదే అయినా, జరిగినది జరిగినట్లు వ్రాస్తున్నాను.

పున్నమికి ముందు రోజు నువ్వు వచ్చావు. గీత తలను ఒళ్ళో పెట్టుకొని ఒక్కొక్క జడను తడిమావు.

"ఎవరన్న కట్టిండ్రా బిడ్డా?"

"లే అత్తా, నేనే."

"ఇడ్సుకోవాలనిపిస్తే?"

"కోసేసుకుంట."

"ఎవర్నడుగుతవ్?"

"ఎవర్నెందుకడగాలె?"

గీత క్యాసెట్ పెట్టింది. "గీ పాట తొందరపెడ్తలేదే," అన్నావు. కొయ్యమంటావనే నమ్మకంతో నేను కత్తెర నీ పక్కన ఉంచాను. నువ్వు దానిని తీసి నా చేతిలో పెట్టావు.

"పిల్ల జడలు ఉండనియ్, అవి దానియే. నావి కొయ్యి తమ్మీ. ఇవి ఎన్నడు నావి గావు."

నేను కోశాను. తడిసిన నార కోసినట్లుంది. ఏళ్ళ తరబడి ఎండ తగలని నీ మెడ వెనుక చర్మం పసిపిల్ల చర్మం వలె కనబడింది. అప్పుడు ఏడవాలని నాకు తెలుసు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మరునాడు చిన్నయ్య డప్పులతో వచ్చాడు. నువ్వు తలపై కొంగు కప్పుకోకుండా గడపలో కూర్చున్నావు.

"ఏంది బాలనాగమ్మా గిది? తల్లి ఊకుంటదా?"

"తల్లి అడిగితే నేను చెప్పుకుంట. నడుమ నువ్వెవనివి?"

డప్పులు ఆగాయి. వెంట వచ్చినవారిలో ఒకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. వారు వెళ్ళిపోయారు.

గీత జడలతోనే వనపర్తి వెళ్ళింది. సంతలో కొందరు నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నారు. నేను రశీదులు వ్రాస్తూనే ఉన్నాను. ఇక నీకు ఊరిలో ఎవరూ గింజ కూడా పెట్టరని చిన్నయ్య అన్నాడట. మా ఇంటికి రమ్మంటే, "నా ఇల్లు నాకున్నది," అన్నావు. మళ్ళీ అడగను. బియ్యం మాత్రం పంపుతాను, కాదనవద్దు.

నిషాత్ టీచరమ్మ ఇది నీకు చదివిన తరువాత చిన్నయ్యకు పంపు. కళ్ళద్దాలు లేవంటే, ఆయన ఇంటి ముందే గట్టిగా చదవమని టీచరమ్మకు నా మనవి. మీ వాడలో మాసమ్మ కూతురికి తల చిక్కులు పడుతున్నదని, ఎల్లమ్మ వచ్చిందని ఇంట్లోవారు దువ్వనివ్వడం లేదని చెప్పావు. ఆ తరువాత ఈ ఉత్తరం తిరిగి తీసుకొని ఆ పిల్ల చేతికి ఇవ్వు. ఆమెకు ఎవరూ చదివి వినిపించవద్దు. బడికి పోతున్నది, తానే చదువుకోగలదు.

నీ తమ్ముడు,
నర్సింహులు, బి.ఏ.