పన్నెండో బిరడా

న్యూపోర్ట్, టెన్నెసీ
సెప్టెంబరు 8, 1978

ప్రియమైన బాబాయికి,

తమ్ముడు డెన్నీని మంగళవారం అమ్మ పక్కనే పూడ్చిపెట్టాము. పెట్టె మూత తెరవలేదు. తెరిచి చూపించడానికి ముఖం మిగలలేదు. ఆ మోకాళ్ళతో మీరు అంత దూరం బస్సులో కూర్చోలేరని నాకు తెలుసు. వినపడని మీ చెవులకు టెలిఫోను పనికిరాదు గనుక జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

శనివారం సాయంత్రం, కార్ల పందెంలో ఇరవై రెండో చుట్టు. తిన్నని దారిలో, పూర్తి వేగం మీద, ఇంజిను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనుక చక్రాలు ఆగిపోయి కారు అడ్డం తిరిగింది. వెనుక వస్తున్న కారు డెన్నీ వైపు తలుపును గుద్దింది. ఇనుము చిరిగిన చప్పుడు వచ్చింది. ఆపైన మంట లేచింది. బెల్టు విప్పుకోవడానికి వాడు కొట్టుకోవడం కంచె ఇవతలి నుంచి చూశాను. చాలాసేపు కొట్టుకున్నాడు.

ఇది ప్రమాదం కాదు. పందేనికి గంట ముందు లెస్టర్ మేపుల్స్ మన కారు బానెట్ ఎత్తి లోపల చెయ్యి పెట్టడం నా భార్య లొరీన్ చూసింది. మూడేళ్ళుగా ప్రతి పందెంలోనూ మనతో తగువు పడేవాడు వాడే. మంట లేచినప్పుడు అందరికంటే ముందు కారు దగ్గరికి పరిగెత్తిందీ వాడే. ఏమి జరగబోతుందో తెలిసినవాడే ముందు పరిగెత్తుతాడు. వాడి చేతులు విరిచేదాకా నాకు నిద్ర పట్టదు.

ఇంజిను కొట్టంలో టార్పాలిన్ కింద ఉంది. విప్పలేదు. మీరు లోపలంతా నునుపు చేసి పంపిన, ఇంజిను మీద మూతలా కూర్చునే హెడ్‌ను బిగించేటప్పుడు డెన్నీ గాలి దారిలోకి వేలు పోనిచ్చి, "బాబాయ్ వేలు ఈ మలుపు దాకా రాదు కదన్నా, మరి ఇంత అద్దంలా ఎలా చేశాడు?" అన్నాడు. అది గుర్తుకు వచ్చి అడుగుతున్నాను. మీ బల్ల మీది గుడ్ల అట్ట, దాని గుంటల్లో మీరు దాచే ఎర్ర బిరడాలు, అన్నీ బాగున్నాయా?

మీ అన్న కొడుకు,
రాయిస్


గ్రీన్స్‌బర్గ్, పెన్సిల్వేనియా
సెప్టెంబరు 13, 1978

ప్రియమైన రాయిస్‌కు ఆశీస్సులతో,

నీ ఉత్తరం చదివిన తరువాత రెండు రోజులు యంత్రం దగ్గరికి పోలేదు. మూడో రోజు పోయాను. ఇంట్లో కూర్చుంటే డెన్నీ బెల్టుతో పెనుగులాడడమే కనిపిస్తోంది.

నేను ముప్పై ఏళ్ళు చేతితో, పదేళ్ళు యంత్రంతో ఈ నునుపు పని చేశాను. రాతిపొడి కలిపిన ముద్దను యంత్రం కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ తోస్తుంది. వేలు పోని మలుపులోకి ఆ ముద్ద పోతుంది. దారిలో తగిలిన గరుకునంతా కొరుక్కుంటూ పోతుంది. మంచి లోహమేదో, చెడ్డ లోహమేదో దానికి తెలియదు. దారి దొరికితే చాలు. మనిషి కోపమూ అటువంటిదే. కనుక లెస్టర్ జోలికి పోవద్దు.

ఇంజినును విప్పవద్దు. తుక్కు కొనేవాడికి ఇచ్చివేయి. కాలిన ఇనుములో చూడదగినది ఏమీ ఉండదు.

నీ శ్రేయోభిలాషి,
ఎమ్మెట్ బాబాయి


న్యూపోర్ట్
సెప్టెంబరు 18, 1978

ప్రియమైన బాబాయికి,

మీ మాట సగమే విన్నాను. ఇంజిను విప్పలేదు. లెస్టర్‌ను మాత్రం కొట్టాను.

శనివారం విడిభాగాల కొట్లో ఎదురుపడ్డాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు ఉన్నాయి.

"రాయిస్, మీ తమ్ముడి విషయం..." అన్నాడు.

"వాడి పేరు నీ నోట రాకూడదు. నా కారులో చెయ్యెందుకు పెట్టావ్?"

"జాకీ తిరిగివ్వడానికొచ్చాన్రా. కాస్త నూనె మట్టం చూసి పొమ్మన్నాడు డెన్నీ. చూశాను, అంతే."

"చచ్చినవాణ్ణి సాక్ష్యానికి పిలుస్తున్నావా?"

కొట్టు యజమాని కళ్ళజోడు మీది నుంచి చూసి, "కొట్టుకుంటే బయటికెళ్ళి కొట్టుకోండయ్యా. ఆ అద్దాల బీరువా మొన్ననే చేయించాను" అన్నాడు. మేము బయటికి వెళ్ళలేదు. లెస్టర్ జుట్టు పట్టుకొని వాడి ముఖాన్ని ఆ బీరువాకేసి మూడుసార్లు కొట్టాను. మొదటి దెబ్బకు అద్దం పగిలింది, రెండో దెబ్బకు ముక్కు విరిగింది, మూడోసారి ఏమి విరిగిందో చూడలేదు. వాడు తిరిగి కొట్టలేదు. కొట్టడానికి ఆ కట్లలో వేళ్ళు మడతపడలేదు.

మీరు గుడ్ల అట్ట సంగతి రాయలేదు. చిన్నప్పుడు డెన్నీ ఆడుకోవడానికి ఒక బిరడా అడిగితే ఇవ్వలేదు మీరు. "రాతిపొడి నూనె దారుల్లోకి పోకుండా పన్నెండు పెడతాను, పని కాగానే పన్నెండూ తీస్తాను. ఒకటి లోపల ఉండిపోయిందా, నూనె అందదు, వాల్వు విరిగి పడుతుంది, ఇంజిను చస్తుంది" అన్నారు. ఆ మాటలను వాడు వారం రోజులు పాటలా పాడుకుంటూ తిరిగాడు.

మీ జవాబు అందేదాకా లెస్టర్‌ను ముట్టుకోను. అందిన తరువాత సంగతి చెప్పలేను.

మీ రాయిస్


గ్రీన్స్‌బర్గ్
సెప్టెంబరు 22, 1978

ప్రియమైన రాయిస్‌కు,

లెస్టర్ ఈ పని చేయలేదు. నాకు ఎలా తెలుసునని అడగవద్దు. పెద్దవాడి మాటగా నమ్ము. ఇక అతని మీద చెయ్యి ఎత్తవద్దు.

గుడ్ల అట్ట నా బల్ల మీద ఎప్పటి చోటనే ఉంది. పన్నెండు బిరడాలూ ఉన్నాయి. ఈ సంగతి ఇంక అడగవద్దు.

ప్రేమతో,
ఎమ్మెట్ బాబాయి


గ్రీన్స్‌బర్గ్
అక్టోబరు 1, 1978

నా ప్రియమైన రాయిస్‌కు,

లొరీన్ రాసిన ఉత్తరం నిన్న అందింది. సోమవారం మధ్యాహ్నం లెస్టర్‌ను అతని ఇంటి మెట్ల మీదనే ఇనుప కడ్డీతో కొట్టావని, కుడిచేతి వేళ్ళు నాలుగూ నుజ్జయినవని, ఎడమ కన్ను పోయిందని, నీవు జైలులో ఉన్నావని రాసింది. డెన్నీ కారు తలుపును మంటల్లో పట్టుకొని లాగినప్పుడే అతని చేతులు కాలినవని కూడా రాసింది.

నేను అబద్ధం చెప్పాను. అట్టలో ఉన్నవి పదకొండే.

ఆగస్టు 28న హెడ్‌ను బస్సులో పంపాను. మరునాడు ఉదయం బల్ల తుడుస్తూ చూస్తే పన్నెండో గుంట ఖాళీగా ఉంది. యంత్రం కింద వెతికాను, చెత్త డబ్బాను నేల మీద బోర్లించి వెతికాను. అప్పటికి పందేనికి నాలుగు రోజుల వ్యవధి ఉంది. తంతి కార్యాలయం మా వీధి చివరనే ఉంది. అక్కడి దాకా నడిచాను కూడా. కాగితం తీసుకొని "హెడ్ బిగించవద్దు" అని రాశాను. నలభై ఏళ్ళలో ఏనాడూ అటువంటి వాక్యం రాయవలసి రాలేదు. బిరడా ఏ మూలకో దొర్లి ఉంటుందని నాకు నేనే చెప్పుకొని, ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చాను. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

డెన్నీని చంపినది నేను. లెస్టర్‌ను కొట్టినది నీవే అయినా, నీ చేత కొట్టించినది నా రెండు ఉత్తరాలు. నీవు ఏ శిక్ష విధించినా అనుభవిస్తాను.

క్షమించమని అడిగే అర్హత లేని,
ఎమ్మెట్


కౌంటీ జైలు, న్యూపోర్ట్
అక్టోబరు 9, 1978

ప్రియమైన బాబాయికి,

మీరు చెప్పినది నాకు కొత్త కాదు. ఇంజిను విప్పలేదని రాయడం నా అబద్ధం. డెన్నీని పూడ్చిన మరునాడు ఉదయమే విప్పాను. వాల్వు విరిగి పిస్టన్ మీద పడింది. నూనె దారిలో, మలుపుకు అవతల, నల్లబడి కరుచుకొని ఉన్న బిరడా కనబడింది. సన్నని ఊచతో బయటికి లాగాను. ఆ తరువాతనే మీకు మొదటి ఉత్తరం రాశాను.

హెడ్ బిగించే ముందు ఆ దారిలోకి గాలి ఊది చూడాలి. ఇంకెవరి పని అయినా ఊదేవాణ్ణి. మీ పని గనుక ఊదలేదు. మీ పనిని పరీక్షించడం మిమ్మల్ని అవమానించడమని డెన్నీకి కూడా నేనే చెప్పాను. ఆ తప్పు నాది. దానికి మీ పేరు వాడుకోను.

గుడ్ల అట్ట సంగతి మిమ్మల్ని రెండుసార్లు అడిగాను. ఒక్క వాక్యం రాసి ఉంటే లెస్టర్‌కు కన్ను ఉండేది. "పన్నెండు బిరడాలూ ఉన్నాయి" అన్న ఉత్తరం సోమవారం పదకొండు గంటలకు అందింది. చదివి, మడిచి, జేబులో పెట్టుకొని కడ్డీ తీసుకొన్నాను. నాకు పని నేర్పిన చేతులను విరవడం నా వల్ల కాదు. ఎవరివో ఒకరివి విరవకుండా ఉండడమూ కాలేదు.

నిన్న లెస్టర్ నన్ను చూడడానికి వచ్చాడు. ఇనుప జాలీకి అవతల కూర్చొని, ఉన్న ఒక్క కంటితో నన్ను చూశాడు.

"ఎందుకురా?" అన్నాడు.

ఉన్నదంతా చెప్పాను. బిరడా సంగతి, మీ సంగతి.

"నేనేం చెయ్యలేదని తెలిసే కొట్టావా?"

"తెలిసే. నువ్వు దగ్గర్లో ఉన్నావు, అంతే."

వాడు నవ్వాడు. పళ్ళు రెండు లేవు. "ఆ ముసలాయన దూరంగా ఉన్నాడు. ఎంత దూరం?"

"బస్సులో పన్నెండు గంటలు."

"ఆ బిరడా ఎక్కడుంది?"

"కొట్టంలో, కాఫీ డబ్బాలో."

కుడిచేతి కట్టును జాలీకి ఆనించి, ఎడమచేతిలోకి పెన్సిలు తీసుకొన్నాడు. ఆ చేతితో రాయడం ఇంకా రాలేదు. నన్ను అడిగి, ఒక్కొక్క అక్షరానికి ఆగుతూ మీ వీధి పేరు, ఇంటి నెంబరు రాసుకొన్నాడు. రెండుసార్లు చదివి వినిపించి సరిచూసుకొన్నాడు. నేను కాదనలేదు.

కనుక ఆ బిరడాను ఈ ఉత్తరంలో పెట్టి పంపడం లేదు. గురువారం బస్సులో లెస్టర్ స్వయంగా తెస్తున్నాడు. పన్నెండో గుంటను ఖాళీగా ఉంచండి. మీకు చెవులు వినపడవని చెప్పాను. తలుపు తట్టనన్నాడు.

మీ అన్న కొడుకు,
రాయిస్