ఆటలో నీ ఇల్లు తీసేశారు

శీనూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ బందరు నెట్ సెంటర్‌లో మనం ఆడే ఆన్‌లైన్ ఆట తెరిచేసరికి, అందులో మన జిల్లా కుర్రాళ్లం కట్టుకున్న నగరంలో నీ ఇల్లు లేదు. చాలాకాలం ఆడనివాళ్ల ఇళ్లు తీసేయాలన్నది అక్కడి నియమం. ఆ నగరానికి మేయరు మన గుడివాడ ప్రసాదే, నీ పాడె మోసినవాడు. ఫోన్ చేశాను.

"వాడెందుకు రావట్లేదో నీకు తెలీదంట్రా?" అన్నాను.

"తెలుసు బావా. కానీ రూల్ అందరికీ ఒకటేగా! కొత్తవాళ్లకి స్థలం కావాలి," అన్నాడు.

నీ స్థలంలో అప్పుడే వేరే ఇల్లు లేచింది. ఆటలో నా బొమ్మను దాని ముందు నిలబెట్టాను. లోపలినుంచి ఎవరో వచ్చి, "ఎవరు కావాలండీ?" అని టైపు చేశారు. నీ పేరు కొట్టాను.

"ఆ పేరుతో ఇక్కడెవరూ లేరండీ," అని జవాబొచ్చింది.